దొరగారి మనవరాలు వచ్చిన పూట

“నాను తియ్యనేదు” అన్న ఆ ఒక్క మాట తర్వాత అప్పలనరసమ్మ మళ్లీ నోరు విప్పలేదు.

ఇడ్లీ వద్దంది. వద్దని నోటితో అనలేదు, పళ్లెం పక్కకి జరిపింది. కాఫీ మీద మీగడ కట్టింది. ఆవిడ మంచం మీద గోడవైపు తిరిగి కూర్చుంది. అత్తగారు అలిగితే ఇంట్లో ఫ్యాను చప్పుడు కూడా పెద్దగా వినిపిస్తుందన్న సంగతి కాత్యాయనికి విజయనగరం నుంచి సముద్రం దాటి ఈ ఇంటికి కోడలిగా వచ్చిన కొత్తలోనే తెలిసింది. ఇప్పుడావిడకి ఎనభై దాటాయి. ఒంట్లో అన్నీ తగ్గాయి, అలక తగ్గలేదు.

అయితే ఇది అలక కాదేమో అన్న అనుమానం కాత్యాయనికి పొద్దుటినుంచీ ఉంది. అలిగిన మనిషి మధ్యమధ్య తలుపువైపు చూస్తుంది, ఎవరైనా బతిమాలడానికి వస్తున్నారేమోనని. అప్పలనరసమ్మ తలుపువైపు చూడటంలేదు. తన కాళ్లవైపు చూసుకుంటోంది.

హాల్లో తండ్రీ కూతుళ్లు గొంతులు తగ్గించి పోట్లాడుకుంటున్నారు. బుకిట్ పంజాంగ్ ఫ్లాట్లలో బతికేవాళ్లందరికీ అబ్బే విద్య అది. పక్కింటి మేడమ్ ఓంగ్‌కి తెలుగు రాదు గానీ కోపం ఏ భాషలో ఉన్నా ఆవిడకి అర్థమవుతుంది.

“అసలా ఫొటో ఆమెకి ఎందుకు చూపించావు?” గురునాథం అడిగాడు. పొద్దుటినుంచీ ఇదే ప్రశ్న.

“ఆమె ఫొటోనే కదా పప్పా. షీ హాజ్ ద రైట్ లా.” నిఖిల సోఫాలో కాళ్లు ముడుచుకుని కూర్చుంది. మాట చివర ఆ ‘లా’ ఇక్కడి ఇంగ్లీషుకి ఊతపదం.

“చూపించావు, బాగుంది. ‘చెప్పులెందుకు విప్పావు నానమ్మా’ అని కోర్టులో లాయర్‌లా అడగాలా?”

“అడగొద్దా? అందరూ చూస్తున్నారు కదా ఇప్పుడు. వరల్డ్ మొత్తం.”

ప్రపంచం మొత్తం చూస్తోందో లేదో గానీ, ఆ ఫొటో మార్చ్‌బ్యాంక్ ట్రస్టు వాళ్ల వెబ్‌సైట్‌లో పైనే ఉంది. కిందటి శనివారం హోటల్లో వాళ్లిచ్చిన విందులో తీసింది. ట్రస్టు పెద్ద ఇసబెల్ మార్చ్‌బ్యాంక్ లండన్ నుంచి వచ్చి, ఒక్కో బల్ల దగ్గరా ఆగి పలకరిస్తూ వీళ్ల బల్ల దగ్గరకొచ్చింది. అప్పలనరసమ్మ లేచి నిలబడింది. నిలబడితే సరిపోయేది. కాళ్లు రెండూ చెప్పుల్లోంచి బయటికి తీసి, చెప్పుల్ని కుర్చీ కిందకి తోసి, తివాచీ మీంచి దిగి, గచ్చు మీద ఒదిగి నిలబడి దణ్ణం పెట్టింది. ఎవరో ఫొటో తీశారు. దాని కింద ఇవాళ ఇంగ్లీషులో ఒక వాక్యం వేశారు: మాటలు అక్కరలేని మర్యాద.

నిఖిల చూపించినప్పుడు ముసలావిడ అన్న మాటే, “నాను తియ్యనేదు.” నిఖిల ఫొటోని రెండు వేళ్లతో పెద్దది చేసింది. గచ్చు మీద రెండు వట్టి పాదాలు, ఎడం కాలి చిటికెనవేలు కొంచెం వంకరగా. ఆ వేలు ఎవరిదో ఈ ఇంట్లో అందరికీ తెలుసు.

అంతే, ఆవిడ గోడవైపు తిరిగిపోయింది.

“మధ్యాహ్నం ఇసబెల్ మేడమ్ కెమెరాతో మన ఇంటికొస్తోంది,” గురునాథం గొంతు ఇంకా తగ్గించాడు. “ఇంటర్వ్యూ అమ్మది. సీటు నీది. ఆఖరికి మిగిలింది నువ్వూ, ఇంకో ఇంటి పిల్లా. చదువుకి ఎవరిని పంపాలో తేల్చేది ఆమె. ఇలాంటప్పుడు నువ్వు వాళ్లకి ఈమెయిల్ పెడతావా, ఆ ఫొటో తీసెయ్యమని?”

“పెట్టలేదు ఇంకా.”

“పెట్టకు.”

“రేపు తీసేయమంటే ఓకే, ఇవాళ అంటే నాట్ ఓకే. దట్స్ యువర్ ప్రిన్సిపుల్?”

“అవును, అదే నా ప్రిన్సిపుల్. పనైపోయాక నోరెత్తు. నేనూ ఎత్తుతాను, నీ పక్కనే నిలబడి.”

కాత్యాయని వంటింట్లో చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ వింటోంది. పెళ్లయిన ఇన్నేళ్లలో గురునాథం పోర్టులో సూపర్‌వైజరుగా ఎవరి పక్కనా నిలబడి నోరెత్తినట్టు ఆమెకి గుర్తులేదు. ఆ సంగతి ఇప్పుడు అనడం అన్యాయం. అందుకని ఆమె అనలేదు, ఈనె మాత్రం కొంచెం గట్టిగా లాగింది.

మార్చ్‌బ్యాంక్ కంపెనీకి ఒకప్పుడు పొరుగుదేశంలో, పేరాక్‌లో రబ్బరు తోటలుండేవి. విశాఖపట్నం, శ్రీకాకుళం వైపు నుంచి ఓడలెక్కించి తెచ్చిన జనం ఆ తోటల్లో చెట్లకి గాట్లు పెట్టి పాలు గీసేవారు. అప్పలనరసమ్మ అలాంటి ఒక తోటలో, ‘లైన్లు’ అనే కూలీల వరస ఇళ్లలో పుట్టింది. తర్వాత జెండాలు మారాయి. తోటలు చేతులు మారాయి. కంపెనీ పోయింది, దాని పేరుతో లండన్‌లో ట్రస్టు మిగిలింది. ఆ తోటల్లో పనిచేసినవాళ్ల మనవల్లో ఒకరిని ఏటా బ్రిటన్ పంపి చదివిస్తుంది. వాళ్లందరినీ కలిపి ‘ఎస్టేట్ ఫ్యామిలీ’ అంటుంది.

“తోటలు ఉన్నన్నాళ్లూ కూలీలు, తోటలు అమ్మేశాక ఫ్యామిలీ,” అని కాత్యాయని ఒకసారి అన్నం వడ్డిస్తూ అంది. గురునాథం నవ్వలేదు. నిఖిల మాత్రం పొలమారేలా నవ్వింది. ఆ నవ్విన పిల్లే ఆ రాత్రి దరఖాస్తు పెట్టింది.

పెట్టక ఏం చేస్తుంది? దానికి పశువుల డాక్టరవ్వాలని. ఆ చదువు ఈ దేశంలో లేదు. బయటికెళ్లి చదివించే స్తోమత ఈ ఇంట్లో లేదు. చిన్నప్పటినుంచీ బ్లాకు కింద తిరిగే పిల్లులకి కట్లు కట్టి, తండ్రి చేత తిట్లు తిని, సెలవుల్లో జంతువుల ఆస్పత్రిలో బోనులు కడిగిన పిల్ల అది. మొన్న అక్కడ ఒక ముసలి కుక్క దాని ఒళ్లోనే పోయింది. ఆ రోజు ఇంటికొచ్చి ఏడవలేదు. “నాకు ఇంకొంచెం తెలిసుంటే బాగుండేదమ్మా,” అంది. అంతే. ఆ మాట కాత్యాయని ఎవరికీ చెప్పలేదు.

“నీకో సంగతి చెప్పనా?” గురునాథం కూతురి ఎదురుగా స్టూలు లాక్కుని కూర్చున్నాడు. “నీ ఎ లెవెల్ పరీక్ష సర్టిఫికెట్ మీద కేంబ్రిడ్జి పేరుంది. ఫ్రేమ్ కట్టించమన్నది నువ్వే. మనం నడిచే రోడ్లలో సగం దొరల పేర్లే. అవన్నీ నీకు ఇబ్బంది లేదు. ఇది ఒక్కటే ఇబ్బందా?”

“అది వేరే.”

“ఎలా వేరే?”

“దానికోసం నానమ్మ చెప్పులు విప్పలేదు.”

గురునాథం కిటికీవైపు తిరిగాడు. పక్కనుంచి ఎల్.ఆర్.టి. రైలు బండి వెళ్లింది. ఇళ్ల దగ్గరకొచ్చేసరికి దాని అద్దాలు వాటంతటవే పాలపొరలా తెల్లబడతాయి, లోపలివాళ్లకి ఇళ్లలో జరిగేవి కనపడకుండా. ఇళ్లలోవాళ్లకి మాత్రం ఆ సదుపాయం లేదు.

“నాకు కోపం రాలేదనుకుంటున్నావా?” అన్నాడు చివరికి. “మా అమ్మ నిఖిలా ఆవిడ. కానీ కోపం వస్తే కోపం పడతాం. ఆ తర్వాత? నువ్వు ఆ ఆస్పత్రిలో జన్మంతా బోనులు కడుగుతావా?”

నిఖిల మోకాళ్లలో మొహం దాచుకుంది.

“అమ్మకి అన్నీ నేర్పాను,” అన్నాడు అతను, కొంచెం మెత్తబడి. “మూడే మాటలు. బడి, మందులు, దీపావళి బిస్కెట్లు. అమ్మ తెలుగులో చెప్తుంది, నేను ఇంగ్లీషులో చెప్తాను. ఫినిష్ లా.”

“ఆమె మాట్లాడితే కదా.”

ఇద్దరూ వంటింటివైపు చూశారు. ఇంట్లో ఎవరితోనూ ఎవరికీ పొసగనప్పుడు చూసే దిక్కు అదే. కాత్యాయని చిక్కుడుకాయల గిన్నె పక్కన పెట్టి, చేతులు కడుక్కుంది.

గంజిలో ఉప్పు వేసి, నిమ్మకాయ ఊరగాయ ముక్క పక్కన పెట్టి పట్టుకెళ్లింది. అత్తగారి ఎదురుగా కాకుండా పక్కన కూర్చుంది. ఏమీ అడగలేదు. ఈ ఇంట్లో పొద్దుటినుంచీ అడగడం చాలా అయింది.

ఎంతసేపటికో అప్పలనరసమ్మ గ్లాసు అందుకుంది. రెండు గుక్కలు తాగింది.

“కోడలా.”

“చెప్పండి అత్తయ్యా.”

“నా కాళ్లు నన్ను అడగనేదే.”

కాత్యాయని చెయ్యి ఆమె చేతి మీద వేసింది.

“నానెరిగే తీసుంటే, తీసినానని ఒప్పుకుందును. పెద్దమనిసి ఒచ్చింది, మర్యాద సేసినాను, అయిపోను. నాకు తెలీకుండా తీసీసినాయి. తోట ఇడిసొచ్చి ఎన్నాళ్లయిపోనాది. పెల్లయ్యింది, పిల్లలు పుట్టినారు, ఆయన పోనాడు. ఇయ్యన్నీ అయినాక, ఆ ఓటల్లో, ఆ పిల్ల మొకం సూడగానే...” ఆవిడ ఆగింది. “అచ్చం ఆ దొర ముక్కే.”

“వద్దంటే చెప్పండి. నేను ఫోన్ చేసి మీకు ఒంట్లో బాలేదంటాను. అబద్ధం ఆడటం నాకు బాగానే వచ్చు.”

ముసలావిడ పెదవులు కొంచెం కదిలాయి.

“గుంటకి సదువొద్దేటి?”

“కావాలి.”

“మరైతే రానీ. మాటాడతాను. ఆడు నేర్పిన మూడు మాటలూ సెప్తాను. నాది కూడా ఒకటి సెప్తాను. ఆ పిల్లని తిట్టను. తెలుసుకోమంటాను, అంతే. ఇంటాదేటి?”

“వింటుందనే అనుకుంటున్నాను. చూడ్డానికి మంచిమనిషిలాగే ఉంది.”

అప్పలనరసమ్మ గంజి మొత్తం తాగింది. గ్లాసు చేతికిస్తూ, గొంతు తగ్గించి ఒక మాట అడిగింది. “బయట అరలో నా సెప్పులున్నాయి. ఇలాగ అట్టుకురా.”

“ఇంట్లోకా?”

“ఇంట్లోకే.”

కాత్యాయని గుమ్మం దగ్గర ఒక క్షణం నిలబడింది. ఈ ఇంట్లో చెప్పుల కాలితో గడప దాటినవాళ్లెవరూ లేరు. ఒకసారి ఫ్రిజ్ బాగుచేయడానికి వచ్చినాయన బూట్లతో అడుగు పెట్టబోతే, అప్పలనరసమ్మ చీపురు అడ్డం పెట్టి ఆపింది. పండక్కి వచ్చిన హైకమిషన్ ఆఫీసరు గారి చేత కూడా విప్పించింది. హాలంతా పొద్దున్నే కాత్యాయని తుడిచింది, అదీ రెండుసార్లు.

ఆమె చెప్పులు తీసుకుంది. అడుగుభాగాలు తడిగుడ్డతో శుభ్రంగా తుడిచింది. చీరకొంగు చాటున దాచుకుని, హాల్లో మొగుడి ముందునుంచే నడిచి వెళ్లి, అత్తగారి కాళ్ల దగ్గర పెట్టింది.

“అమ్మ మాట్లాడిందా?” గురునాథం అడిగాడు ఆమె తిరిగొస్తుంటే.

“మాట్లాడారు.”

“మూడు మాటలూ గుర్తున్నాయటా?”

“ఉన్నాయట,” అంది కాత్యాయని, చిక్కుడుకాయల దగ్గరకి వెళ్లిపోతూ.

ఇసబెల్ మార్చ్‌బ్యాంక్ గుమ్మంలోనే బూట్లు విప్పింది. ఎవరూ చెప్పకుండానే వంగి, లేసులు విప్పి, జతగా అరలో పెట్టింది. యాభై దాటిన మనిషి. పొట్టి జుట్టు, నలిగిన నార చొక్కా. ఎడం కాలి మేజోడు బొటనవేలి దగ్గర పల్చబడి చిరగబోతోంది. దాన్ని చూశాక కాత్యాయనికి ఆమె మీద కొంచెం ఇష్టం కలిగింది. దొరలు పాత మేజోళ్లతో వస్తారని ఆమె అనుకోలేదు.

వెంట కెమెరా మనిషి, మిస్టర్ లిమ్, సోఫా పక్కన స్టాండు బిగించాడు. ఇసబెల్ ఒక బిస్కెట్ డబ్బా కాత్యాయని చేతిలో పెట్టింది. మూత మీద కోట బొమ్మ.

“మా ఇంట్లో పండగకి ఇవే,” అంది ఇంగ్లీషులో. “మీ అత్తగారికి ఇష్టమో కాదో మరి.”

“ఇష్టమే మేడమ్, చిన్నప్పటినుంచీ అలవాటే,” గురునాథం అందుకున్నాడు.

నిఖిల పొద్దుటి టీషర్టు తీసేసి, చుడీదార్ వేసుకుని, తల దువ్వుకుని వచ్చింది. ఇసబెల్ ఆమె పక్కన కూర్చుని జంతువుల ఆస్పత్రి గురించి అడిగింది. మాట వరసకి అడిగిన ప్రశ్నలు కావు. నిఖిల చెప్పిన ఆ ముసలి కుక్కకి ఏం జబ్బని అడిగింది, పోయేముందు తిండి తిన్నదా అని అడిగింది. నిఖిల మొదట ముక్తసరిగా, తర్వాత చేతులు ఊపుతూ చెప్పింది. కూతురి మొహం అలా వెలగడం కాత్యాయని వంటింటి గుమ్మంలోంచి చూసింది. చూసి, ఇంత ఆశ పెట్టుకోకే తల్లీ అని మనసులోనే అనుకుంది.

అప్పుడు గదిలోంచి చప్పుడు వినిపించింది. టపటపమని, గచ్చు మీద చెప్పుల చప్పుడు.

అప్పలనరసమ్మ ఉతికిన నేత చీర కట్టుకుని, కర్ర పట్టుకుని, చెప్పుల కాళ్లతో హాల్లోకి వచ్చింది. గురునాథం సగం లేచి ఆగిపోయాడు.

“అమ్మా,” అన్నాడు పళ్ల మధ్యనుంచి. “కాళ్లు.”

“ఉన్నాయి,” అందావిడ.

వచ్చి కుర్చీలో కూర్చుంది. పాదాలు రెండూ జతగా, చెప్పులతో సహా, ముందుకి పెట్టింది. ఇసబెల్ లేచి నిలబడింది. మేజోళ్ల కాళ్లతో నిలబడి, నేర్చుకున్నట్టుగా రెండు చేతులూ జోడించింది. ఆమె చెప్పుల్ని చూసిందో లేదో తెలియలేదు. చూసినా పెద్దావిడ కాళ్లనొప్పులనుకుని ఉంటుంది. నిఖిల చూసింది. గురునాథం భార్యవైపు చూశాడు. కాత్యాయని టీ పెట్టడానికి లోపలికెళ్లిపోయింది. ఆ పని అంత అర్జంటు కాదు.

కెమెరా మీద ఎర్రదీపం వెలిగింది.

“మా తాతగారు మీకు గుర్తున్నారా?” ఇసబెల్ అడిగింది. గురునాథం తెలుగు చేశాడు.

“ఉన్నాడు,” అంది అప్పలనరసమ్మ. “జొరమొస్తే క్వినైను ఇప్పించినాడు. లైన్ల ఎనకాల బడి ఎట్టినాడు. దీపావళికి ఇంటింటికీ బిస్కత్తు డబ్బా. ఆ డబ్బాల్లో మాయమ్మ పప్పులు పోసుకునీది.”

గురునాథం భుజాలు కిందకి దిగాయి. మూడు మాటలూ వచ్చేశాయి. ఇంగ్లీషులోకి మార్చబోయేలోగా తల్లి చెయ్యెత్తి ఆపింది.

“ఉండు. నాదింకా అవనేదు.”

వంటింట్లో టీ మరుగుతోంది. కాత్యాయని మంట తగ్గించింది.

“తోటలో ఎవులికీ సెప్పులుండీవి కావు. దొర ముందర ఏసుకోకూడదు. రాసి ఎట్టిన రూలు కాదు, అందరెరిగినదే. ఓపాలి మా అయ్య తీర్తానికని తెలుక్ ఆన్సన్ టౌనుకి ఎల్లినాడు. తనకో జత, నాకో జత కొన్నాడు. టైరు సెప్పులు. మర్నాడు తెల్లారగట్ల పెరట్టుకి ఏసుకెల్లినాడు.”

పెరట్టు అంటే ఏమిటో ఈ ఇంట్లో అందరికీ తెలుసు. చీకటుండగానే కంగాణీ, అంటే కూలీల మేస్త్రీ, వాళ్లని వరసలో నిలబెట్టి పేరుపేరునా పిలిచే హాజరు.

“దొర లాంతరు మొకాలకేసి ఎత్తనేదు. కిందకి దించినాడు. కాళ్లు సూసినాడు. కంగాణీని పిలిచి ఏటో అన్నాడు. కంగాణి మాయయ్య సెప్పులు ఇప్పించి, తాడు కట్టి, మెడకేసినాడు. అలాగే పన్లోకి ఎల్లమన్నాడు. పొద్దల్లా ఆ సెట్లకాడ, మెడలో సెప్పుల్తోటి పాలు గీసినాడు మాయయ్య. నాను కంజి అట్టుకెల్లినాను. కొత్త సెప్పులేసుకుని ఎల్లినాను, సూపిద్దారని. నన్ను సూసి నవ్వినాడు. నా కాళ్లకేసి సూసి, ‘తీసీయ్ బంగారీ’ అన్నాడు. తీసీసినాను.”

ఆవిడ ఇదంతా బజారులో కూరల ధర చెప్పినట్టే చెప్పింది.

“మొన్న ఓటల్లో తీసినవి కూడా అయ్యే కాబోలు. ఇంకా తీస్తానే ఉన్నాను.” ఆవిడ ఇసబెల్ కళ్లలోకి చూసింది. “నువ్వు సేసినది కాదమ్మా. నువ్వప్పటికి పుట్టనేదు. మీ తాత గురించి బిస్కత్తులు ఎరిగినదానివి, ఇది కూడా ఎరిగుండాల. అంతే నా మాట.”

ఇసబెల్ ముందుకు వంగి, ముసలావిడ మొహం మీంచి చూపు తిప్పకుండా, అనువాదం కోసం ఎదురుచూస్తోంది.

గురునాథం గొంతు సవరించుకున్నాడు. కూతురివైపు చూడలేదు.

“అమ్మ ఏమంటోందంటే,” అన్నాడు ఇంగ్లీషులో, నెమ్మదిగా. “మీ తాతగారు జ్వరమొస్తే మందులు ఇచ్చేవారు. పిల్లలకి బడి పెట్టారు. దీపావళికి బిస్కెట్లు పంచేవారు. వాళ్ల నాన్న చాలా కష్టపడి పనిచేసేవాడు. ఆమె మొట్టమొదటి చెప్పుల జత కూడా ఆ తోటలో ఉన్నప్పుడే వేసుకుంది. ఆమెకి మీమీద ఏ కోపమూ లేదు.”

అందులో ఒక్క అబద్ధం లేదు. కాత్యాయని ప్రతి ముక్కా తిరగేసి చూసింది. ఎక్కడా దొరకలేదు. పోర్టులో అన్నేళ్లు సరుకు సర్దిన మనిషికి, దేన్ని పైన పెట్టాలో దేన్ని అడుగున తొక్కాలో బాగా తెలుసు.

ఇసబెల్ కళ్లు నీళ్లతో నిండిపోయాయి.

“ఏడుస్తన్నాది,” అంది అప్పలనరసమ్మ ఆశ్చర్యంగా. తర్వాత మనవరాలివైపు తిరిగింది. కొడుకుని అడగలేదు. “ఏమే, మొత్తం సెప్పినాడా?”

నిఖిల కుర్చీ అంచున కూర్చుని ఉంది. పొద్దున్న సోఫాలో కూర్చుని తండ్రితో అంత గింజుకున్న పిల్ల. దాని నోరు కొంచెం తెరుచుకుంది. ఇప్పుడు చెప్పేస్తుందని కాత్యాయని అనుకుంది. భయపడింది, సంతోషపడింది కూడా.

నిఖిల తన వేళ్ల మెటికలు చూసుకుంది.

“చెప్పారు నానమ్మా,” అంది.

“అయ్యదీ? సెప్పులదీ?”

“చెప్పారు.”

ముసలావిడ కుర్చీలో వెనక్కి ఒరిగింది. ఎన్నాళ్లనుంచో ఎత్తుకున్న తట్ట దింపినట్టు ఆవిడ భుజాలు కిందకి జారాయి. అంత తేలికపడటం కాత్యాయని ఎప్పుడూ చూడలేదు. చూడలేకపోయింది.

ఇసబెల్ కుర్చీ వదిలి కింద, గచ్చు మీదే మోకాళ్ల మీద కూర్చుంది. ముసలావిడ చేతులు తన చేతుల్లోకి తీసుకుంది. లండన్‌లో వచ్చే ఏడు తోటల మీద ప్రదర్శన పెడుతున్నారట. ఆ శనివారం ఫొటో, ఆ మర్యాద, ద్వారం దగ్గర నిలువెత్తున పెట్టాలని ఉందట. అమ్మగారు సరేనంటేనే పెడతారట. ఈ మాటలన్నీ గురునాథం ఒక్క ముక్క పోనివ్వకుండా తెలుగు చేశాడు.

“మాయయ్య కత ఇన్నాక కూడా అడుగుతున్నాదా?” అప్పలనరసమ్మ ఆలోచించింది. “అలాగైతే ఎట్టుకోమను. పక్కన మాయయ్య మాట కూడా రాస్తాది గదా. ఇంక అది సిగ్గుపడాల్సిన బొమ్మ కాదు.”

“సరే అంటోంది,” అన్నాడు గురునాథం.

అప్పలనరసమ్మ వంగి, ఇసబెల్ తల నిమిరింది. “మీ తాతకంటే మంచిదానివే,” అంది. ఇసబెల్‌కి అది ఇంగ్లీషు చెయ్యక్కర్లేకపోయింది, తల ఆడించి ఇంకా ఏడ్చింది. ఇద్దరూ ఒకరి చేతులొకరు పట్టుకుని కూర్చున్నారు. ఒకరు చెప్పినదీ ఇంకొకరు విన్నదీ ఒకటి కాదని ఆ ఇంట్లో మరో ముగ్గురికి తెలుసు.

మిస్టర్ లిమ్ కెమెరా ఇంకా ఆపలేదు.

కాత్యాయని టీ ట్రేతో వచ్చింది. ఇసబెల్ లేచి, కళ్లు తుడుచుకుని, కప్పు అందుకుంది. ముక్కు ఎర్రబడింది. నవ్వడానికి ప్రయత్నించింది.

“నాకొకటి విచిత్రంగా ఉంది,” అంది కాత్యాయనితో. “ఆమె అంతసేపు మాట్లాడారు. మీవారు ఇంత చిన్నగా చెప్పేశారు. మీ భాషలో ఏదైనా చెప్పడానికి ఎక్కువ మాటలు కావాలా?”

“తెలుగు అంతే మేడమ్,” గురునాథం గట్టిగా నవ్వాడు. “లాంగ్ లాంగ్ వర్డ్స్ లా.”

ఇసబెల్ కూడా నవ్వింది. కానీ చూపు కాత్యాయని మీదనుంచి తియ్యలేదు. వేళాకోళానికి అడిగినట్టు లేదు. తెలుసుకోవాలని అడిగినట్టుంది.

గురునాథం నవ్వు మొహం మీద అలాగే ఉండిపోయింది. నిఖిల తలెత్తింది. అమ్మ కళ్లలోకి చూసి, ఎవరికీ కనపడకుండా, చాలా కొద్దిగా తల అడ్డంగా ఊపింది. వద్దమ్మా.

ఆ పక్కన అప్పలనరసమ్మ బిస్కెట్ ఒకటి తీసుకుని, టీలో ముంచుకుని, ఇసబెల్‌ని చూసి చిన్నపిల్లలా నవ్వుతోంది.

కాత్యాయని ఆంధ్రా యూనివర్సిటీలో ఇంగ్లీషు సాహిత్యం చదివింది. ఆ ఇంగ్లీషు ఇన్నేళ్లూ పాలీక్లినిక్కులో, కరెంటు మనిషి దగ్గర తప్ప పనికి రాలేదు. ఆమె ట్రే బల్ల మీద పెట్టింది. తడిచేతులు కొంగుకి తుడుచుకుంది. కూతురివైపు ఇంకోసారి చూడలేదు. చూస్తే చెప్పగలిగేది కాదు.

“లేదండీ, భాష సంగతి కాదు,” అంది ఇంగ్లీషులో. “ఆవిడ చెప్పింది ఇంకా ఉంది.”